రాత్రి డ్యూటీ ఎవరిది? బొగ్గుబాయి, ఆసుపత్రి, మన ఆడపిల్లల చదువులు

1952 నాటి గనుల చట్టంలో 46వ సెక్షన్ చాలా చిన్నది. ఏ స్త్రీనీ భూగర్భంలో పనికి పెట్టుకోకూడదు. గని ఉపరితలం మీదైనా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యనే పనిచేయించాలి. ఒకరోజు పని దిగిన తర్వాత మళ్ళీ పనికెక్కడానికి కనీసం 11 గంటల విరామం ఉండాలి. సారాంశం ఇంతే. స్త్రీల క్షేమం కోరి రాసినట్టు కనిపించే ఈ నాలుగు మాటలే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రెండు తరాల ఆడపిల్లలు ఏం చదవాలో, ఏం చదవకూడదో చాలావరకు నిర్ణయించాయని నేను అనుకుంటున్నాను.

ఈ చట్టం పక్కనే మరో కాగితం పెట్టి చూద్దాం. అది ఆసుపత్రి వార్డు గోడకు అంటించి ఉండే డ్యూటీ చార్టు. పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి తెల్లవారి 8. మూడో వరసలో ఉండేవన్నీ దాదాపు ఆడవాళ్ళ పేర్లే. బెల్లంపల్లిలోనో, గోదావరిఖనిలోనో సింగరేణి ఏరియా ఆసుపత్రిలో రాత్రంతా మేలుకొని ఉండే సిస్టరూ, సాయంత్రం ఏడు దాటితే బాయి మీద ఉండకూడదని చట్టం చెప్పిన స్త్రీ ఉద్యోగీ ఒకే కంపెనీ జీతం తీసుకున్నవాళ్ళు. బాయిలో రాత్రి షిఫ్టులో పైకప్పు కూలి దెబ్బ తగిలిన మనిషి స్ట్రెచర్ మీద వచ్చేది ఆ సిస్టర్ చేతుల్లోకే. మరి రాత్రి ఎవరికి ప్రమాదం? ఏ పని చేస్తే ప్రమాదం? ఈ ప్రశ్నకు జవాబు ప్రకృతిలో దొరకదు, చరిత్రలో వెతకాల్సిందే.

ఇంజనీరింగ్ ఈ ప్రాంతానికి కొత్త మాట కాదు. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాక, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కులొచ్చాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివరికి బెల్లంపల్లిలో బాయిలు పడ్డాయి, 1960ల మొదట్లో గోదావరిఖనిలో పడ్డాయి. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 1942 నుంచి కాగితం తీసింది. తర్వాత పక్కనే సిర్‌సిల్క్ వచ్చింది, మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది (2021లో కొత్త పేరుతో మళ్ళీ తెరుచుకుంది). అక్కడే ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ 1983లో కరెంటు ఇచ్చింది. అంటే గోదావరికి అటూ ఇటూ వంద కిలోమీటర్లలో మైనింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఇంజనీరింగ్ అన్నీ కళ్ళముందే నడుస్తుండేవి. వైద్యవిద్య సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. 1959లో వరంగల్లో కాకతీయ మెడికల్ కాలేజీ పెట్టేదాకా హైదరాబాద్ తప్ప దిక్కు లేదు. ఈ రెండు జిల్లాల లోపల మెడికల్ కాలేజీ అంటూ వచ్చింది 2000 తర్వాత, అదీ కరీంనగర్లో ప్రైవేటుగా. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో వచ్చింది.

చేతికందే దూరంలో ఉన్నది ఇంజనీరింగ్, అందనంత దూరంలో ఉన్నది వైద్యం. అయినా మా కార్మికవాడల్లో పదో తరగతి పాసైన ఆడపిల్ల చదువులో చురుగ్గా ఉంటే బైపీసీ, మగపిల్లవాడు ఓ మోస్తరుగా ఉన్నా ఎంపీసీ. పిల్లకు లెక్కలంటే ప్రాణమైనా అంతే. డాక్టరు సీటు రాకపోతే నర్సింగో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో ఉండనే ఉంటాయన్న ధైర్యం. మా అక్క అట్లా నర్సయింది. నాకు లెక్కలు బాగా వచ్చేవి. పాలిటెక్నిక్ ప్రస్తావన వచ్చినప్పుడు మా బాపు అన్నది ఒకటే మాట: "మైనింగు చదివి ఏం జేస్తవు బిడ్డా? బాయిల నిన్ను దిగనియ్యరు." ఆయన ముప్పై ఏళ్ళు తట్టా చెమ్మస్ పట్టిన మనిషి. నన్ను చదివించొద్దని కాదు, చట్టం ఏం చెబుతుందో తెలిసి అన్నాడు. ఇళ్ళల్లో తీసుకునే నిర్ణయాలను ఉత్త ఆచారం అనీ, మూఢత్వం అనీ కొట్టేసే ముందు, వాటి వెనక రాజ్యం గీసిన గీతలేమిటో చూడాలని నాకు అప్పటి నుంచే అనిపించేది. తర్వాత నేను చరిత్ర చదువుకోవడానికి అదీ ఒక కారణం.

గనుల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ లేరని చాలామంది అనుకుంటారు. అది అబద్ధం. బ్రిటిష్ ఇండియాలో, ముఖ్యంగా బెంగాల్, బీహార్ బొగ్గు గనుల్లో, భర్త తవ్విన బొగ్గును తట్టలకెత్తి మోసింది భార్యే. వేలాది స్త్రీలు, ఎక్కువగా ఆదివాసులూ దళితులూ, భూగర్భంలో పనిచేశారు. వాళ్ళను దశలవారీగా పైకి పంపేయాలని 1929లో నిబంధనలు వచ్చాయి. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ స్త్రీల భూగర్భ పనిని నిషేధిస్తూ 45వ ఒడంబడిక చేసింది. 1937 నాటికి ఇక్కడ నిషేధం పూర్తయింది. యుద్ధకాలంలో బొగ్గు కొరత రాగానే 1943లో అదే ప్రభుత్వం అదే స్త్రీలను మళ్ళీ లోపలికి దించింది. యుద్ధం ముగిసి 1946 రాగానే మళ్ళీ బయటకు పంపింది. అవసరమైనప్పుడు భూగర్భం ఆడదాని ఆరోగ్యానికి పనికొచ్చింది, అవసరం తీరాక పనికిరాకుండా పోయింది. అప్పటి నిజాం రాజ్యం వేరు కాబట్టి ఆ ఉత్తర్వులు నేరుగా మనకు వర్తించకపోవచ్చు. కానీ 1952 చట్టం మాత్రం దేశమంతటికీ, మన సింగరేణికీ ఒక్కటే.

ఇక్కడ ఒక చిన్న వివరం నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ 45వ ఒడంబడికలో మినహాయింపులున్నాయి. శారీరక శ్రమ చేయని మేనేజ్‌మెంటు పదవుల్లోని స్త్రీలూ, వైద్య సంక్షేమ సేవల్లోని స్త్రీలూ, చదువులో భాగంగా భూగర్భంలో శిక్షణ పొందాల్సిన విద్యార్థినులూ దిగవచ్చని ఆయా ప్రభుత్వాలు అనుమతించవచ్చు. రాత్రి పని మీద 1948లో చేసిన 89వ ఒడంబడికలోనూ దాదాపు ఇదే: సాంకేతిక బాధ్యతగల పదవుల్లోని స్త్రీలకూ, ఆరోగ్య సేవల్లోని స్త్రీలకూ నిషేధం వర్తించదు. అంటే మహిళా ఇంజనీరు, మహిళా డాక్టరు అనే మనుషులుంటారని 1930ల్లోనే ఆ కాగితం ఊహించింది. మన 46వ సెక్షన్ ఊహించలేదు. అందులో మేనేజరు లేదు, విద్యార్థిని లేదు. స్త్రీ అంటే స్త్రీయే.

దాని ఫలితం చదువు మీద ఎట్లా పడిందో చూడండి. మైనింగ్‌లో డిగ్రీ ఒక్కటే సరిపోదు. గని నడిపే అధికారం రావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే మేనేజరు సర్టిఫికెట్ కావాలి, మొదటి తరగతిదో రెండో తరగతిదో. భూగర్భ గనికి చెల్లే సర్టిఫికెట్‌కు భూగర్భంలో పనిచేసిన అనుభవం చూపాలి. భూగర్భంలోకి స్త్రీ దిగకూడదు. కాబట్టి అనుభవం రాదు, కాబట్టి సర్టిఫికెట్ రాదు, కాబట్టి ఉద్యోగం రాదు, కాబట్టి సీటు ఇచ్చి లాభమేమిటని కాలేజీలూ అడిగాయి. గొలుసులో ఒక్కో కొక్కెం దేనికది న్యాయంగానే కనిపిస్తుంది. మొత్తం గొలుసు మాత్రం ఆడపిల్ల కాళ్ళకే. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే వచ్చే చంద్రపూర్‌లో, బల్లార్షా రైలెక్కితే చేరే ఊళ్ళో, 1990ల మధ్యలో చంద్రాణీ ప్రసాద్ వర్మ అనే అమ్మాయి మైనింగ్ సీటు కోసం హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. కోర్టు ప్రత్యేకంగా ఒప్పుకున్నాక ఆమె 1999లో పట్టా తీసుకుంది. దేశంలో తొలి మహిళా మైనింగ్ ఇంజనీరుగా ఆమె పేరే చెబుతారు.

గని బయట ఫ్యాక్టరీలదీ ఇదే తంతు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం స్త్రీల పనివేళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7. రాష్ట్ర ప్రభుత్వాలు కొంత సడలించవచ్చు గానీ రాత్రి 10 నుంచి 5 దాకా మాత్రం ససేమిరా. కరెంటు ప్లాంటు, ఎరువుల ప్లాంటు, పేపరు మిల్లు ఇవన్నీ మూడు షిఫ్టుల్లో ఆగకుండా నడిచేవి. షిఫ్టులో పనిచేయకుండా ఏ ఇంజనీరూ ప్లాంటును నేర్చుకోలేడు. ప్లాంటు తెలియనివాడు పై పదవికి పోలేడు. దొరికిన కొద్దిమంది మహిళా ఇంజనీర్లు డిజైన్ సెక్షన్‌లోనో, ప్లానింగ్‌లోనో, క్వాలిటీ ల్యాబ్‌లోనో టేబుల్ ముందు స్థిరపడటం వాళ్ళ అభిరుచి అని చెప్పుకుంటారు. అభిరుచికి టైమ్‌టేబుల్ ఎవరు వేశారని అడగరు.

ఈ సందర్భంలో అయ్యలసోమయాజుల లలితను తలుచుకోవాలి. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకు వైధవ్యం, ఒళ్ళో నెలల పసికందు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆ రోజుల్లో ఉద్యోగం చేయదలచిన చదువుకున్న స్త్రీకి తెరిచి ఉన్న దారి వైద్యం. ఆమె ఆ దారి వద్దనుకుంది. డాక్టరంటే అర్ధరాత్రి పిలుపులొస్తాయి, బిడ్డను వదిలి పోవాలి, తనకు పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే పని కావాలి అన్నది ఆమె ఆలోచన అని కుటుంబసభ్యులు తర్వాత చెప్పారు. ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసింది. ఆమె వెనకే థెరీసియా, లీలమ్మ జార్జి అనే మరో ఇద్దరు ఆ కాలేజీ నుంచి సివిల్ ఇంజనీర్లుగా వచ్చారు. పట్టా కాగితం మీద అచ్చయి ఉన్న పుంలింగ పదాన్ని కొట్టేసి చేత్తో స్త్రీలింగం రాయాల్సి వచ్చింది. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో కరెంటు లైన్లకూ సబ్‌స్టేషన్లకూ డిజైన్లు గీస్తూ చాలా ఏళ్ళు పనిచేసింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లూ శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళింది. 1979లో చనిపోయింది.

లలిత కథను తొలి మహిళ విజయగాథగానే చెబుతుంటాం. నాకందులో మరొకటి వినిపిస్తుంది. ఆమెకు ఇంజనీరింగ్ అంటే పగటి ఉద్యోగం, వైద్యం అంటే రాత్రి ఉద్యోగం. ఆమె పట్టా పుచ్చుకున్న పదేళ్ళలోపే దేశంలో రెండు చట్టాలు వచ్చి ఇంజనీరింగ్‌లోని రాత్రి భాగాన్ని స్త్రీలకు మూసేశాయి. దాంతో పగటి భాగమే, అంటే టేబుల్ దగ్గరి భాగమే మిగిలింది. వైద్యంలోని రాత్రిని మాత్రం ఎవరూ మూయలేదు. మూస్తే ఆసుపత్రులే నడవవు.

ఆసుపత్రి రాత్రి చరిత్ర మన దగ్గర పాతదే. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరిన తొలి విద్యార్థినుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫామ్ ప్రయోగాల కాలంలో, 1888, 89 సంవత్సరాల్లో, ఆమె మత్తు ఇచ్చే వైద్యురాలిగా తయారైంది. ప్రపంచంలోనే తొలి మహిళా ఎనస్తీషియా వైద్యురాలిగా ఆమెను గుర్తిస్తారు. రోగి స్పృహ తప్పాక అతని ఊపిరిని కాపలా కాసే పనది. చార్మినార్ నీడలో ఒక పార్శీ స్త్రీ అంతటి సాంకేతిక బాధ్యత చేపట్టి నూటముప్పై ఏళ్ళు దాటింది. కానీ రూపాబాయి వంటివాళ్ళు ఒకరిద్దరే. వాళ్ళ కింద పేర్లు లేని వందలమంది దాయాలు, నర్సులు, మంత్రసానులు. 1946లో బోర్ కమిటీ లెక్క ప్రకారం దేశం మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7 వేలమంది. అంటే 43 వేల జనాభాకు ఒకరు. ఎందుకంత తక్కువ? కులం ఒక కారణం. పరాయి మగవాడి ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రి ఇంటి బయట ఉండటం, ఈ మూడూ కలిసి ఆ ఉద్యోగాన్ని అగ్రకులాల ఇళ్ళకు దూరం చేశాయి. మిషన్ ఆసుపత్రుల ద్వారా ఆ చదువు మొదట అందుకున్నది క్రైస్తవ స్త్రీలు. తెలంగాణలో వాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ రాత్రి గురించి ఏ చట్టసభా బెంగపడలేదు. కాపాడాల్సిన స్త్రీ ఎవరో, పని చేయించుకోవాల్సిన స్త్రీ ఎవరో సమాజానికి ముందే తెలుసు కదా!

ఆసుపత్రి గోడల బయట ఏ.ఎన్.ఎం. రాత్రి ఇంకా ఒంటరిది. ఉట్నూరు వైపు గూడేల్లోనో, మహదేవ్‌పూర్ అడవి ఊళ్ళలోనో సబ్‌సెంటర్ అంటే ఒక అద్దె గది. అర్ధరాత్రి తలుపు కొడితే అది కాన్పో, మరొకటో తలుపు తీస్తేగానీ తెలియదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ తెచ్చిన ఆశా కార్యకర్త సంగతి మరీ విచిత్రం. పురిటి నొప్పులొచ్చిన మనిషిని రాత్రి ఆసుపత్రికి తోడుకొని పోయేది ఆమె. తిరిగి రావడానికి బస్సు ఉండదు. ప్రభుత్వం లెక్కలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఉద్యోగి కానప్పుడు పనివేళలుండవు. పనివేళలు లేనప్పుడు రాత్రి అనేదే ఉండదు! పని స్థలంలో లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు వెనక ఉన్నది కూడా ఇట్లాంటి గ్రామ స్థాయి కార్యకర్తే. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయి 1992లో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి.

మా అక్క ఇరవై ఐదేళ్ళు రాత్రి డ్యూటీలు చేసింది. నలభై పడకలకు ఇద్దరు సిస్టర్లు, తాళం లేని బాత్‌రూమ్, పడుకోవడానికి గది లేదు. మధ్యాహ్నం షిఫ్టు చేసి రాత్రి ఎనిమిదికి దిగి మర్నాడు పొద్దున ఎనిమిదికే ఎక్కిన రోజులు లెక్కలేనన్ని. వారం వారం రాత్రీ పగలూ తారుమారయ్యే ఒంటికి ఆ విరామం ఏ మూలకు? "భయమేయలేదా అక్కా?" అని ఒకసారి అడిగితే నవ్వింది. "భయం ఎక్కడిది? పేషెంట్లను జూసుడుతోనే తెల్లారేది. డ్యూటీ దిగి బస్టాండ్ల నిలబడితే అప్పుడు ఏసేది" అంది. ఈ మాట నాకు చాలా పుస్తకాల కంటే ఎక్కువ నేర్పింది. ఆమెకు ప్రమాదం పనిలో లేదు. పనికీ ఇంటికీ మధ్య దారిలో, సరిపడా మనుషుల్ని పెట్టని పొదుపులో, గొళ్ళెం లేని తలుపులో ఉంది.

1990ల చివర్లో, 2000 తర్వాత దృశ్యం మారింది. ఇంజనీరింగ్ కాలేజీలు కరీంనగర్ చుట్టూ పుట్టుకొచ్చాయి. సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకు కేటాయింపు ఉంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. 2007లో జగిత్యాల దగ్గర జె.ఎన్.టి.యు. కాలేజీ, 2008లో బాసరలో ట్రిపుల్ ఐటి వచ్చాయి. పదో తరగతి మార్కుల మీదే సీటిచ్చి, సర్కారు బడి పిల్లలకు అదనపు పాయింట్లు కలిపే బాసర పద్ధతి కోచింగుకు డబ్బులేని ఇళ్ళకు పెద్ద ఊరట. ఈ చదువుల వెనక ఉన్న తల్లుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో తండ్రి దుబాయికో మస్కట్‌కో పోతే, ఇంటి దగ్గర తల్లి చాటలో తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టి పిల్లల్ని చదివించింది. బీడీ కార్మికుల సంక్షేమ నిధి స్కాలర్‌షిప్ కోసం గుర్తింపు కార్డు పట్టుకొని తిరిగింది. ఆమె రాత్రి పది దాకా చుట్టిన బీడీలు ఏ ఫ్యాక్టరీ చట్టం లెక్కలోకీ రాలేదు. పని చేసింది ఇంట్లో కదా!

ఆ కూతుళ్ళు చేరింది ఎక్కువగా కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్‌లో. మెకానికల్, మైనింగ్ తరగతి గదులు మగపిల్లలవిగానే మిగిలాయి. సాఫ్ట్‌వేర్‌లో అమెరికా పగలు మనకు రాత్రి. ఆ రాత్రికి కంపెనీలు క్యాబులు పెట్టాయి. ఈ మార్పు సరిగ్గా జరుగుతున్నప్పుడే 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫ్యాక్టరీల చట్టంలోని రాత్రి నిషేధం రాజ్యాంగ విరుద్ధమన్నాయి. యాభై ఏళ్ళు ఎరువుల ఫ్యాక్టరీలో కుదరని రాత్రి, ఎగుమతి వ్యాపారానికి ఆడవాళ్ళు అవసరమయ్యేసరికి కుదిరింది. 1943 నాటి బొగ్గు కొరత నాకు గుర్తొచ్చింది. స్త్రీల హక్కు నెగ్గిందని సంతోషిస్తూనే, దాన్ని నెగ్గించిన గాలి ఎటునుంచి వీచిందో గమనించడం మన బాధ్యత.

నేను చదువుకున్న హాస్టల్లో సాయంత్రం ఆరున్నరకు గేటు మూసేవాళ్ళు. సైన్సు అమ్మాయిలు ప్రయోగం సగంలో ఆపి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. అబ్బాయిలకు ల్యాబ్ తొమ్మిది దాకా తెరిచే ఉండేది. మార్కులు తగ్గితే ఆడపిల్లలకు ప్రాక్టికల్స్‌లో చొరవ తక్కువ అని వ్యాఖ్య. 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ అని వీధికెక్కినప్పుడు వాళ్ళడిగింది ఇదే కదా. ఇది సరదాగా తిరగడానికి అడిగిన స్వేచ్ఛ కాదు, లైబ్రరీకీ ల్యాబుకూ సమానంగా చేరే హక్కు.

2019 ఈ చరిత్రలో విడ్డూరమైన సంవత్సరం. ఆ జనవరిలో కేంద్ర కార్మిక శాఖ గనుల చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఉపరితలంలో, ఓపెన్‌కాస్టుల్లో స్త్రీలు రాత్రి కూడా పనిచేయవచ్చు. భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంటు పనుల్లో ఉన్న స్త్రీలు పగటివేళ దిగవచ్చు. రాతపూర్వక సమ్మతి ఉండాలి, ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి. ఆ తర్వాత భూపాలపల్లి సింగరేణి కార్మికుడి కూతురు రసకట్ల సంధ్య భూగర్భ గనికి చెల్లే రెండో తరగతి మేనేజరు సర్టిఫికెట్ సాధించి రాజస్థాన్ జింకు గనిలో పనిచేసింది. 2021లో ఆకాంక్ష కుమారి కోల్ ఇండియా భూగర్భ గనిలో పనిచేసే తొలి మహిళా మైనింగ్ ఇంజనీరు అయింది. మా బాపు మాటకు ఇన్నాళ్ళకు జవాబు దొరికింది.

అదే ఏడాది నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. దేశం అట్టుడికింది. వారం తిరక్కముందే ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వేయొద్దని నాటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ ఘటనకు మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీ మీద ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. తర్వాత ఆమెకు సమత అని పేరు పెట్టారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ఆ ముగ్గురికీ మరణశిక్ష వేసింది. ఆమె చనిపోయింది పట్టపగలు. పగటిపూట డ్యూటీ వేయొద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు! 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ హత్యాచారం తర్వాత బెంగాల్ ప్రభుత్వం కూడా వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీ తప్పించమంది. స్త్రీలు రాత్రి పనిచేయకూడదనడం కుదరదు, రక్షణ ఇవ్వడం మీ పని అని సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నేరం ఎప్పుడు జరిగినా ముందు మూసేది స్త్రీ దారినే.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ పాత గనుల చట్టాన్నీ ఫ్యాక్టరీల చట్టాన్నీ తనలో కలిపేసుకుంది. స్త్రీలు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చేయవచ్చు, సమ్మతి ఉంటే రాత్రి కూడా చేయవచ్చు అంటోంది. మంచిదే. కానీ 1937లో తట్ట కింద పెట్టించి పైకి పంపిన కూలి స్త్రీ మనవరాలికీ, ఇప్పుడు హెల్మెట్ పెట్టుకొని దిగుతున్న ఇంజనీరుకూ సమ్మతి అనే మాట ఒకే అర్థం ఇస్తుందా? కాంట్రాక్టు కింద స్వీపరుగా, స్టాఫ్ నర్సుగా చేసే మనిషి రాత్రికి ఒప్పుకోనంటే మర్నాటికి పని ఉంటుందా? సమ్మతి పత్రం మీద సంతకం యాజమాన్యానికి రక్షణ కాకుండా స్త్రీకి రక్షణ కావాలంటే కాదన్నా ఉద్యోగం పోదన్న హామీ ముందు కావాలి.

ఇంకో మార్పు కూడా మన కళ్ళముందే జరిగింది. 2022లో రామగుండం, మంచిర్యాల, జగిత్యాల, 2023లో ఆసిఫాబాద్, నిర్మల్, కరీంనగర్, సిరిసిల్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. రామగుండం కాలేజీకి డబ్బు పెట్టింది సింగరేణి. వైద్యం దూరం అన్న మాట ఇక చెల్లదు. ఆ కాలేజీల్లో చేరే ఆడపిల్లలు ఏ వైద్యాన్ని నేర్చుకుంటారన్నది ఇప్పటి ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటాయి. మామూలు కాన్పుకు ఎన్ని గంటలు పడుతుందో, ఏ రాత్రి వస్తుందో చెప్పలేం. దానికి రాత్రంతా కూర్చునే ఓపిక గల, అధికారం గల మనిషి కావాలి. పగటిపూట ముహూర్తానికి కోసి తీయడం ఆసుపత్రికి సులువు. ఒకప్పుడు ఆ రాత్రంతా కూర్చున్నది మంత్రసాని. ఆమెను అశుభ్రమని తోసేశాం, ఆమె స్థానంలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. 2017లో తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలవడం, 2018లో కేంద్రం దానికి మార్గదర్శకాలు ఇవ్వడం ఆ ఖాళీని గుర్తించినట్టే. అయితే ఆ నర్సుకు స్వయంగా నిర్ణయం తీసుకునే అధికారం, తగిన జీతం, తలుపు గొళ్ళెం ఉన్న విశ్రాంతి గది ఇవ్వకపోతే అది మళ్ళీ చార్టులో మూడో వరసలో మరో పేరు అవుతుందంతే.

స్త్రీలు ఇంజనీరింగ్‌లో ఎందుకు తక్కువ, నర్సింగ్‌లో ఎందుకు ఎక్కువ అని సెమినార్లలో అడిగినప్పుడు మనసు, అభిరుచి, ఆత్మవిశ్వాసం అంటూ జవాబులు వెతుకుతారు. వాటి కంటే ముందు డ్యూటీ చార్టులు తిరగేయాలి. గనుల మస్టర్లు, ఆసుపత్రి రిజిస్టర్లు, పాలిటెక్నిక్ అడ్మిషన్ పుస్తకాలు, బీడీ కంపెనీల పద్దులు, ఇవన్నీ మన జిల్లాల్లో పాత బీరువాల్లో చెదలు పడుతున్నాయి. 1980ల్లో స్త్రీశక్తి సంఘటన మిత్రులు సాయుధపోరాట స్త్రీల దగ్గర కూర్చొని వాళ్ళ మాటల్ని రికార్డు చేశారు. అందువల్లే మనకు తెలియని మన చరిత్ర కొంతైనా తెలిసింది. ఆ పని ఇప్పుడు బెల్లంపల్లి రిటైర్డ్ సిస్టర్ల దగ్గర, ఉట్నూరు ఏ.ఎన్.ఎం.ల దగ్గర, కోరుట్ల బీడీ తల్లుల దగ్గర, పాలిటెక్నిక్ క్లాసులో ఒక్కతే ఆడపిల్లగా కూర్చున్నవాళ్ళ దగ్గర జరగాలి. వాళ్ళలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళం, రాసే వాళ్ళం, ఈ పని మొదలుపెట్టడానికి ఇంతకంటే ఆలస్యం చేయకూడదు.